నడకదారి పక్కన ఎండిన గడ్డి

ఈ ఏడు మంచు కరగడం ఆలస్యమైంది. మార్చి ఆఖరి వారానికి గానీ మా లాన్ బయటపడలేదు. మధ్యలో బాగానే ఉంది. వీధి నుంచి మా గుమ్మం దాకా వచ్చే నడకదారికి రెండు పక్కలా మాత్రం జానెడు వెడల్పున గడ్డి మాడిపోయి, చీరకి గోధుమరంగు అంచు కుట్టినట్టు ఉంది. పక్కింట్లోకి కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి కాఫీ కప్పు పట్టుకుని అటే చూస్తూ నిలబడ్డాడు. “అంకుల్, మీ లాన్ సూపర్ ఉంది. ఎడ్జెస్ ఒక్కటే మొత్తం బర్న్ అయినయ్. సాల్ట్ ఎక్కువ కొడుతున్నట్టున్నరు, జర తగ్గించి చూడండి” అన్నాడు. అలాగే చూస్తానన్నాను. తగ్గించను. ఎందుకు తగ్గించనో చెప్పాలంటే, అతను ఇప్పుడుంటున్న ఇంట్లో మునుపు ఉన్నవాళ్ళ గురించి చెప్పాలి.

ఈ దేశం వచ్చాక మేము షామ్‌బర్గ్ ఊళ్ళో ఈ ఇల్లు కొన్నది 2003లో. గడ్డి అనేది కొనుక్కొచ్చి చల్లి, నీళ్ళు పెట్టి పెంచుకునే వస్తువని నాకు అప్పుడే తెలిసింది. మాది అనంతపురం వైపు మెట్ట వ్యవసాయం. మా తాత జీవితమంతా వేరుశనగ చేలో గడ్డి పీకి పీకి నడుము వంగిపోయిన మనిషి. ఆయన మనవడు శనివారాలు మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డిలోంచి పూలమొక్కలు పీకుతున్నాడని తెలిస్తే నాకు పిచ్చి పట్టిందనుకునేవాడు. నిజానికి కొంత పట్టింది కూడా. వినాయక చవితికి పత్రి చాలక మా ఆవిడ లాన్‌లో నాలుగు పరకలు తుంచబోతే, వెనక పెరట్లోంచి తెచ్చుకోమని కసిరాను. దేవుడికి కూడా వెనక పెరడే చూపించిన ఘనుణ్ణి.

ఆ పిచ్చికి గురువు పక్కింటి డాక్టరుగారు. గుంటూరు మనిషి, డెబ్భైల్లో ఈ దేశం వచ్చి, మత్తుమందు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. చలిదేశపు గడ్డికి వేసవి మీద ఆశ పెట్టుకోకూడదనీ, ఆగస్టు చివర్లో విత్తనం చల్లాలనీ, మొదటి మంచు పడేలోపు పొట్టిగా కోసెయ్యకపోతే కిందపడి బూజు పడుతుందనీ ఆయనే నేర్పారు. ఎరువు చల్లే బండి కూడా ఆయనదే. ఆ బండి ఆయన ఇంట్లో ఉన్నదానికన్నా మా గరాజ్‌లో ఉన్న రోజులే ఎక్కువ. ఆయన లాన్ ముందు మా వీధిలో ఇంకెవరి లాన్ అయినా దిగదుడుపే.

ఒక్క లోపం ఉండేది. ప్రతి వసంతంలోనూ ఆయన నడకదారి పక్కన గడ్డి మాడిపోయి కనిపించేది. చలికాలమంతా దారి మీద మంచు గట్టిపడకుండా ఆయన గుప్పిళ్ళతో ఉప్పు చల్లేవారు. ఆ ఉప్పు కరిగి పక్క మట్టిలోకి దిగేది. గడ్డి గురించి ఇంత తెలిసినవారు ఇదేమిటని అడిగితే, “గడ్డి పోతే మళ్ళీ సీడ్ చల్లుకుంటాం. కాలు విరిగితే ఏం చల్లుతావయ్యా?” అన్నారు. నేను నవ్వాను. ఆ ఒక్క జానెడు విషయంలో గురువుగారిని గెలవచ్చని నాకప్పుడే తోచింది. 2007 సెప్టెంబరులో నడకదారి రెండు పక్కలా మేలురకం విత్తనం చల్లి, పూటపూటా తడిపి, మొలకలు తెప్పించాను. ఆ చలికాలం దారి మీద ఉప్పు పడనివ్వలేదు. మా ఆవిడ పోరు పడలేక ఒక బస్తా కొన్నాను గానీ, దాని మూతి కుట్టు విప్పలేదు. ఉదయమే లేచి పార పట్టుకుని గీకేవాణ్ణి.

2008 ఫిబ్రవరిలో ఒక శనివారం. ముందురోజు సాయంత్రం సన్నగా వాన పడి, తెల్లారేసరికి గడ్డకట్టింది. అది మంచులా తెల్లగా కనబడదు, దారి తడిసినట్టుంటుంది, అంతే. పారకు లొంగదు. “ఏమండీ, ఇవాళన్నా కాస్త సాల్ట్ వెయ్యండి” అంది మా ఆవిడ. “పదింటికల్లా ఎండొస్తుంది, అదే కరుగుతుందిలే” అన్నాను. కాసేపటికి ఆవిడ వంటింట్లోంచి పక్కింటికి ఫోన్ చేసింది. చలికి మా పాలు తోడుకోలేదు, కాస్త తోడు ఉందా అని. పక్కింటి ఆంటీ, అంటే డాక్టరుగారి భార్య, ఇలాంటివాటికి రమ్మనే మనిషి కాదు, తనే వచ్చే మనిషి. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. శాలువా కప్పుకుని, చిన్న స్టీలు గిన్నె మీద చెయ్యి మూతపెట్టి, నవ్వుకుంటూ మా నడకదారిలోకి తిరిగింది. ఆగమని అరవడానికి నాకు వ్యవధి ఉంది. అద్దం మూసి ఉంది కదా, వినబడదేమో అనుకునేలోపు పడిపోయింది.

తుంటి విరిగింది. అంబులెన్స్ వెళ్ళిపోయాక పదింటికి ఎండ రానే వచ్చింది, దారి శుభ్రంగా ఆరిపోయింది. ఆసుపత్రి వరండాలో డాక్టరుగారు నన్ను ఒకే ఒక్క మాట అడిగారు.

“సాల్ట్ వెయ్యలేదా?”

“అయిపోయిందండీ. చూసుకోలేదు” అన్నాను.

మా ఆవిడ నా వైపు చూసి, తల దించుకుంది. ఆ అబద్ధం ఎందుకు చెప్పానో నాకు తెలుసు. గడ్డి కోసమని ఆయనతో ఎలా చెప్పను? ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. మంచాన ఉండగా ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మూడు వారాలకు ఆంటీ పోయారు.

మంచు పూర్తిగా కరిగాక లాన్ మీద ఆ గిన్నె దొరికింది. ఆమె పడినప్పుడు దొర్లిపోయి మంచుకుప్పలో కూరుకుపోయినట్టుంది. అడుగున ఆవిడ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది, పుట్టింటివాళ్ళు పెట్టిన సామాను కాబోలు. కడిగి తుడిచాను గానీ, తీసుకెళ్ళి ఇచ్చే ధైర్యం చాలక రెండు రోజులు గరాజ్‌లోనే ఉంచాను. మూడోరోజు డాక్టరుగారే ఎరువు బండి కోసం వచ్చారు. గిన్నె చేతికిస్తే తిప్పి పేరు చూసుకుని, కోటు జేబులో పెట్టుకున్నారు. తిరిగి వెళ్తూ నడకదారి మధ్యలో ఆగారు. మెల్లగా మోకాలి మీద వంగి, అంచున గడ్డిని అరచేత్తో నిమిరారు. చుట్టుపక్కల ఏ ఇంటి ముందూ లేనంత పచ్చగా ఉంది అక్కడ. “ఎడ్జెస్ బాగా నిలిచాయయ్యా ఈ ఏడు” అన్నారు.

చలికాలమంతా చల్లి చల్లి ఉప్పు అయిపోయిన ఇంట్లో ఆ గడ్డి మాడిపోయి ఉండాలి. అక్కడ ఒక్క పలుకు కూడా పడలేదని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, గడ్డి చెప్పేసింది. ఆయన లేచి, మోకాలి మట్టి దులుపుకుని, బండి తోసుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ నవంబరులో మొదటి మంచు పడిన ఉదయం తలుపు తీస్తే గుమ్మంలో ఉప్పు బస్తా ఉంది. చీటీ లేదు. మంచు మీద పక్కింటి దాకా అడుగుల జాడ ఉంది. ఆ మరుసటేడూ అంతే. ఐదేళ్ళు, ఐదు బస్తాలు. అది క్షమో శిక్షో నేను తేల్చుకోలేదు, అడగనూ లేదు. కలిసినప్పుడు వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆయన తెచ్చిన ప్రతి పలుకూ ఆ దారి మీదే చల్లాను. మొదటి వసంతానికే అంచులు మాడాయి. మళ్ళీ విత్తనం వెయ్యలేదు.

2013లో ఆయన ఇల్లు అమ్మేసి, ఎక్కడో దూరాన హెర్న్‌డన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. బయల్దేరే రోజు నేను కారు దాకా వెళ్ళాను. ఈసారైనా చెప్పేద్దామని, “డాక్టరుగారూ, ఆ రోజు...” అన్నాను. ఆయన సీటు బెల్టు పెట్టుకుంటూ, నా వైపు చూడకుండా, “ఈ ఏటి నుంచి నువ్వే కొనుక్కోవాలయ్యా” అన్నారు. సరేనండీ అన్నాను. కిందటి శీతాకాలం ఆయన పోయారని కూతురు ఫోన్ చేసి చెప్పింది.

ఇవాళ ఆ అబ్బాయి వెళ్ళాక ఎండిన అంచు మీద కాసేపు నిలబడ్డాను. కాళ్ళ కింద కరకరలాడింది. మా ఆవిడ కిటికీలోంచి చూసి, పక్కకు తప్పుకుంది. ఆంటీ పోయి ఏడేళ్ళయింది, కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయంటారు అందరూ. నాకు మాత్రం ఆ శనివారం ఇంకా పది కాలేదు.