నేనే మూసేసిన పిన్ను

నందిగామలో పొలం మోటార్లకు ఆటో స్టార్టర్లు చేసి అమ్ముతుంటాను. కరెంటు ఇచ్చే వేళలు మారాయని చెవిటికల్లు రైతు ఏసోబు గారు ఈ రోజు తన స్టార్టర్ బోర్డు తెచ్చారు. చిప్పు ఊడదీయకుండా బోర్డు మీదే కొత్త వేళల ప్రోగ్రాం ఎక్కించడం పది నిమిషాల పని. కంప్యూటర్ మాత్రం అసలు చిప్పే కనబడటం లేదంది. కేబుల్ మార్చాను, బోర్డుకు పూసిన వార్నిష్ గీకి పిన్నులు తుడిచాను, విడిగా సప్లై ఇచ్చాను. అన్నం వేళ కూడా దాటిపోయింది.

స్టూలు మీద కూర్చున్న ఏసోబు గారు మెల్లగా అడిగారు. "పలకట్లేదా అండి?"

"లేదండి. ఎందుకో అర్థం కావట్లా."

"పోయినేడు పక్క చేలో మోటారేస్తే మాది ఆగిపోతుందని తెచ్చా గదా. రీసెట్ పిన్ను మూసేశా, ఇంక ఇది ఎవరి మాటా వినదు అన్నారు మీరే."

పక్క మోటారు కుదుపు ఆ రీసెట్ పిన్ను గుండానే వచ్చి చిప్పును ఆపేస్తోందని, సెట్టింగు మార్చి దాన్ని పనిచేయకుండా చేసింది నేనే. కొత్త ప్రోగ్రాం లోపలికి వెళ్లాలన్నా ఆ పిన్నే దారి. అప్పటినుంచి అమ్మిన ప్రతి బోర్డుకూ అదే పని చేసి గొప్పగా చెప్పుకున్నాను. ఇక అన్నిటికీ చిప్పులు మార్చాల్సిందే.

"మీ మాటైనా వినదా అండి?" అన్నారాయన.

వినదు. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నవాళ్లు మీలో ఇంకెవరైనా ఉన్నారా?