సైరన్‌ని సైరన్ అననివ్వని ఎల్డన్ జెలింకా

సైరన్‌ని సైరన్ అంటే ఊరుకోని మనిషి మా ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. పేరు ఎల్డన్ జెలింకా. సుడిగాలి వస్తోందంటే స్తంభం మీంచి ఊరంతా వినపడేలా కూతపెట్టే ఆ పాత ఇనుప బూరల్ని మీరైనా నేనైనా సైరన్లనే అంటాం. ఎల్డన్ అనడు. "ఎదురొచ్చిన మనిషిని 'ఓ మనిషీ' అని పిలుస్తామా?" అంటాడు. ప్రతిదానికీ ఒక పేరుంది, పేరు పక్కన ఒక అంకె ఉంది, కొన్నిటికి అంకె పక్కన అక్షరం కూడా ఉంది. వాటిలో ఏది తప్పు చెప్పినా ఆయనకి ఆ పూట తిండి సహించదు.

నెబ్రాస్కాలో మా కార్వర్ బెండ్ ధాన్యం గిడ్డంగిలో ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన భార్య లవాన్ పెళ్లయిన కొత్తల్లో చేసిన ప్రయాణం ముచ్చట ఇలా చెబుతుంది: "కొలరాడో కొండలు చూపిస్తానని బయల్దేరదీశాడు. మూడు రోజుల్లో ఇరవై మూడు సైరన్ స్తంభాలు చూపించాడు. కొండలంటావా, దూరంగా నీలంగా ఏవో కనపడ్డాయి. అవే అయుంటాయి."

ఒక ఆదివారం మా డెట్‌వైలర్ పాస్టరు, ప్రపంచానికి ఆఖరి రోజున బూర మోగుతుందని గొప్పగా ప్రసంగించాడు. తర్వాత చర్చి గుమ్మం దగ్గర అందరూ ఆయనతో చేతులు కలుపుతుంటే ఎల్డన్ ఆగాడు.

"బ్రహ్మాండంగా చెప్పారు పాస్టర్ గారూ. ఒక్క సందేహం. ఆ మోగేది ఒక స్వరమా, రెండు స్వరాలా?"

"గ్రంథంలో అంత వివరం లేదు ఎల్డన్."

"అదే నా బాధ. రాసుకున్నవాళ్లు అప్పుడే అడగాల్సింది."

ఇంకోసారి ఒహైయోనించి మేనకోడలు ఏడుస్తూ ఫోన్ చేసింది. "మావయ్యా, వెర్నన్ బాబాయ్..." అంటుండగా ఆమె వెనక ఎక్కడో సైరన్ కూత మొదలైంది. "ఉష్! మాట్లాడకు!" అన్నాడీయన. నిమిషం పాటు కళ్లు మూసుకుని విన్నాడు. "మోడల్ టూ! సందేహం లేదు. ఆఁ, ఇక చెప్పమ్మా, ఎవరు పోయారన్నావ్?"

నేను ఊరి ఆఫీసులో గుమస్తాని, కాబట్టి అందరికంటే ఎక్కువ బాధలు నేనే పడ్డాను. మా పడమటి వైపు సైరన్ పేరు రిజిస్టరులో 'థండర్‌బోల్ట్ వెయ్యి' అని ఉండేది. నాకంటే ముందు పనిచేసినావిడ రాసింది. దాన్ని దిద్దించడానికి ఎల్డన్ నా కిటికీ దగ్గరికి పదకొండు సార్లు వచ్చాడు.

"అమ్మాయ్ ఐరిస్, అది వెయ్యి కాదు. వెయ్యిన్ని మూడు."

"మూడేగా తేడా. వదిలేయండి ఎల్డన్ గారూ."

"మూడేనా! వెయ్యి ఒక్క స్వరం పాడుతుంది. వెయ్యిన్ని మూడు రెండు కలిపి పాడుతుంది. నీ మొగుడి పేరు రాయాల్సిన చోట పక్కింటాయన పేరు రాస్తే ఊరుకుంటావా?"

"అది పక్కింటాయన్ని బట్టి ఉంటుంది" అన్నాను. ఆయన నవ్వలేదు. నేను దిద్దలేదు. పన్నెండోసారి ఆయన రావడం చూసి బీరువా వెనక దాక్కున్నాను.

ఏప్రిల్లో ఆ పడమటి సైరన్ మూగబోయింది. ఆ వైపు వృద్ధుల ఆశ్రమం ఉంది, రేకుల ఇళ్లున్నాయి. ఇంకే కూతా అక్కడిదాకా వినపడదు. సుడిగాలుల కాలం గుమ్మంలో ఉంది. సిటీనించి వచ్చిన మెకానిక్కు మా రిజిస్టరు చూసి కొత్త భాగం తెప్పించాడు. అది పట్టలేదు. "దీనికిక భాగాలు దొరకవు. తుక్కుకి పంపండి. కొత్తది వచ్చే ఏడాదికి వస్తుంది" అని చెప్పి వెళ్లాడు.

మంగళవారం మధ్యాహ్నం కౌన్సిల్ కూర్చుంది. దింపేద్దామని మేయరు బోల్కీ అనగానే ఎల్డన్ లేచాడు.

"అయ్యా, అది వెయ్యి కాదు."

"మళ్లీ మొదలెట్టాడ్రా బాబూ!" అని ఎవరో మూలిగారు.

"పేరేదైతేనేం ఎల్డన్? మోగట్లేదు కదా!" అన్నాడు మేయరు.

"పేరు తప్పు గనకే మోగట్లేదు. దాని లోపల తిరిగే చక్రానికి రెండు వరసల కిటికీలుంటాయి. మీరు తెప్పించింది ఒంటి వరస చక్రం. పట్టమంటే ఎట్లా పడుతుంది?"

నా చెవులు కాలిపోతున్నాయి. లేచి, "తప్పు నాదండీ. ఈయన పదకొండు సార్లు చెప్పారు" అన్నాను. అక్కడికక్కడే అందరి ముందూ రిజిస్టరు తీసి దిద్దాను.

మేయరు గెడ్డం గోక్కున్నాడు. "సరే. శనివారం మిట్టమధ్యాహ్నం పన్నెండు. మోగిందా, ఉంటుంది. మోగలేదా, దిగుతుంది."

రెండు వరసల చక్రం ఎక్కడ ఉండొచ్చో ఎల్డన్ తొమ్మిది ఊళ్ల పేర్లు కాగితం మీద రాసిచ్చాడు. "ఫోన్ మాత్రం నువ్వే చెయ్యమ్మాయ్. ఒకర్ని అడగడం నాకు చేతకాదు" అన్నాడు. బుధవారం పొద్దున్నే మొదట ప్లమ్ ఫోర్క్ ఊరికి చేశాను. అక్కడి గుమస్తా విసుగ్గా, "ఎవరికి కావాలి?" అంది.

"మా ఊళ్లో ఎల్డన్ జెలింకా అని ఒకాయన..."

"మా ఎల్డనా! ముందే చెప్పొద్దా తల్లీ!"

ఆరేళ్ల కిందట వాళ్ల సైరన్ కూడా మూగబోయిందట. ఈయన శనివారం వెళ్లి, దాని అసలు పేరు తేల్చి, సరిపడే భాగం ఇంకో ఊళ్లో వెతికి తెచ్చి బిగించి వచ్చాడట. బదులుగా చెర్రీ పళ్లు పెట్టి కాల్చే తీపి రొట్టె, 'పై' అంటారే, అది ఒక ముక్క తిన్నాడట, అంతే. చక్రం ఉందేమో వెతికిస్తానంది. రెండో ఊరికి చేశాను. అదే కథ, పై మాత్రం యాపిల్ది. తొమ్మిది ఊళ్లూ ఇదే పాట. శనివారాలు చేపలకి వెళ్తున్నానని మాకు చెప్పి, పన్నెండేళ్లుగా ఈ మనిషి చేస్తున్న పని ఇదీ!

శనివారం ఎనిమిదింటికల్లా ప్రధాన వీధి పొడవునా పికప్ ట్రక్కులు. పాత సామాన్లో దొరికిన చక్రం తెచ్చింది ప్లమ్ ఫోర్క్ ఒక్కటే. తక్కిన ఎనిమిది ఊళ్లూ నిచ్చెనలు, పానాలు, పైలు పట్టుకుని ఊరికే వచ్చాయి. తలుపంత మనిషి, ప్లమ్ ఫోర్క్ ఫైర్ చీఫ్ డ్వేన్ స్తంభమెక్కాడు. కిందనించి ఎల్డన్ ఒకటే అరుపు: "మెల్లిగా! అది కోడిగుడ్డనుకో!"

పన్నెండయింది. మేయరు మీట నొక్కాడు. ముందు చిన్న గురక, తర్వాత గొంతు సవరించుకుని, రెండు స్వరాలూ కలిసి ఒక్కసారిగా లేచాయి. బూర మెల్లిగా ఊరంతా చూస్తూ తిరిగింది. ఆశ్రమం వరండాలో చక్రాల కుర్చీల్లో ముసలివాళ్లు చప్పట్లు కొట్టారు. ఊళ్లో కుక్కలన్నీ ఏకగ్రీవంగా బలపరిచాయి. మేయరు టోపీ గాల్లోకి విసిరాడు, అది తిరిగి ఎవరి నెత్తిన పడిందో ఇప్పటికీ తెలీదు.

నేను లవాన్ చెవిలో అరిచాను, "మీకు ముందే తెలుసా?"

"తెలియకేం! చెప్పొద్దన్నాడు. చెబితే మీరంతా మంచివాడంటారట. దానికంటే పిచ్చివాడనిపించుకోవడమే ఆయనకి సుఖంట."

ఆ సుఖం ఆ రోజుతో సరి. డ్వేన్ అప్పటికే ఆయన్ని భుజాల మీదికి ఎత్తేశాడు. "దింపరా, నా నడుము!" అని ఎల్డన్ మొత్తుకుంటున్నా వినేవాడు లేడు. పది ఊళ్ల జనం మంచివాడు మంచివాడని అరుస్తుంటే, పారిపోయే దారి లేక, చెవుల దాకా ఎర్రబడి, మా వీధి మధ్యలో అంతెత్తున నవ్వుతూ కూర్చున్నాడు.