తోటికోడలి మలుపు దగ్గర

మా ఆవిడ నలభై రెండో ఏట సైకిలు నేర్చుకుంది. అదీ దేశం కాని దేశంలో, మా వాటా వెనక కార్లు నిలిపే ఖాళీ జాగాలో. కింది వాటా ముసలావిడకి మోకాళ్లు పట్టేస్తే తన సైకిలు మా ఆవిడ చేతిలో పెట్టేసింది. చిన్నప్పుడు వాళ్ల నాన్న నలుగురు ఆడపిల్లల్నీ సైకిలు ముట్టుకోనివ్వలేదట. ఆ కసంతా ఇక్కడ తీర్చుకుంది. రెండుసార్లు మోచెయ్యి దోక్కుపోయింది, ఒకసారి పక్కింటివాళ్ల పూలకుండీ పగిలింది. మూడో నెలకల్లా ఊరి మీద పడింది.

అంతకుముందు ఏడాదిపాటు ఈ ఊరంటే ఆవిడకి వంటింటి కిటికీలోంచి కనిపించే బస్టాపు ఒక్కటే. ఇక్కడి రాత చదవడం రాదు. అందుకని తిరిగిన ప్రతి వీధికీ చుట్టాల పేర్లు పెట్టుకుంది. ఎక్కేటప్పుడు ఆయాసం తెప్పించి, ఎక్కాక చల్లగాలి తగిలించే రోడ్డు అత్తగారి గట్టు. పెద్ద రోడ్డు మూసుకుపోయినా కాలవ దాటించే చిన్న వంతెన మేనమామ. తిన్నగా పోతున్నట్టే పోయి చివర్లో మెలిక పెట్టేది తోటికోడలి మలుపు. ఆదివారం పొద్దున్న వెళ్తే ఏ మధ్యాహ్నానికో వచ్చేది, మొహం వెలిగిపోతూ. అన్నం వడ్డిస్తూ ఎక్కడెక్కడ తిరిగిందో పూసగుచ్చినట్టు చెప్పేది. "మీరూ ఒకసారి రాకూడదూ" అనేది. నేను ఊఁ కొట్టేవాణ్ని. ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశానని కూడా చెప్పలేను, అసలు ఏ చెవిలోకీ వెళ్లనివ్వలేదు.

నా ఉద్యోగం పెద్ద ల్యాబులో. ఆపరేషను బల్ల మీద మనిషి ఉండగానే, కోసిన గడ్డలోంచి చిన్న ముక్క మాకు పంపుతారు. నేను దాన్ని చలి మిషన్లో గడ్డకట్టించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి రంగు వేస్తాను. మా డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూసి ఫోనులో చెబుతుంది. అక్కడి సర్జను ఆ మాట కోసం చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. మా ఆవిడకీ ఇక్కడే పని దొరికింది. కాలవ అవతలి చిన్నాసుపత్రి నుంచి రోజూ రక్తం సీసాల పెట్టె సైకిలు మీద తెస్తుంది. ముక్కలు మాత్రం వ్యానులోనే వస్తాయి.

ఆ మంగళవారం పెద్ద రోడ్డు కింద నీళ్ల గొట్టం పగిలింది. ముక్క తేవడానికి వెళ్తున్న వ్యాను ఎటూ కదల్లేక మధ్యలో ఇరుక్కుంది. పది ఇరవైకి చిన్నాసుపత్రి నుంచి సర్జను ఫోను చేశాడు. ముప్ఫై నాలుగేళ్ల మనిషి, రొమ్ములో గడ్డ. చెడ్డదైతే రొమ్మంతా తీసేయాలి, కాకపోతే గడ్డ ఒక్కటి చాలు. ఆవిడది బలహీనమైన గుండె, ఇంకోసారి మత్తు ఇవ్వడానికి వీల్లేదు. పదకొండుకి జవాబు రాకపోతే మొత్తం తీసేయక తప్పదన్నాడు.

వెంటనే మా ఆవిడ ఫోను.

"ఏమండీ, వ్యాను రాలేదని నర్సు ఆ ముక్క నాకిచ్చింది. మేనమామ మీంచి వచ్చేస్తున్నా."

"ఎవరి మీంచి?" అన్నాను. అప్పటికే పెట్టేసింది.

నా పనికీ డాక్టరమ్మ చూడ్డానికీ కలిపి కనీసం పన్నెండు నిమిషాలు కావాలి. మిషను సిద్ధంగా పెట్టుకుని కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. పది ముప్ఫై ఏడుకి మళ్లీ మోగింది. ముందు రొప్పు వినబడింది.

"తోటికోడలి మలుపు దగ్గరున్నా. నా గుర్తు పసుప్పచ్చ ఇల్లు. దానికి రంగులేస్తున్నారు కాబోలు, పైనుంచి కిందదాకా పట్టా కప్పేశారు. ఎదురుగా రెండు సందులు, రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఒకటి ల్యాబు వెనక గేటుకి వస్తుంది, ఇంకోటి ఎటో పోతుంది. మొన్నాదివారం చెప్పాను కదా మీకు, ఏది ఏదో. కంగారులో నాకు తోచట్లేదు."

"ఫోన్లో దారి చూడు."

"అది మళ్లీ పెద్ద రోడ్డుకే పొమ్మంటోంది. మీకు చెప్పానండీ. అన్నం తింటున్నప్పుడు."

గోడ మీద ఊరి పటం ఉంది. అందులో వందల వీధులున్నాయి గానీ తోటికోడలు లేదు. కళ్లు మూసుకుని ఆదివారం అన్నం దగ్గరికి పోయాను. కూరలో ఉప్పు తక్కువైందని నేనన్నది గుర్తుంది. ఆవిడ అన్నది ఒక్క ముక్క గుర్తు లేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"నేను వినలేదే" అన్నాను. "ఆ రోజే కాదు. ఎప్పుడూ వినలేదు."

అటునుంచి సైకిలు బెల్లు వినిపించింది. కిటికీ రెక్క తెరుచుకున్న చప్పుడు, ఎవరో ఏదో అడిగారు. మళ్లీ బెల్లు, ఈసారి చాలాసేపు. తర్వాత చడీ చప్పుడూ లేదు.

"సరే, ఉంటాను" అంది.

ఆ ఎనిమిది నిమిషాలు నేను ముళ్ల మీద ఉన్నాను. పది నలభై అయిదుకి వెనక గేటు దగ్గర కనబడింది. జడ విడిపోయింది, ఒక కాలికి చెప్పు లేదు. పెట్టె అందుకున్నాను గానీ మొహంలోకి చూడలేకపోయాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా మొదటి పొర ముడుచుకుపోయింది. రెండోది చిరిగింది. ఊపిరి బిగబట్టి కోస్తే మూడోది నిలిచింది. డాక్టరమ్మ మైక్రోస్కోపు మీదికి వంగేసరికి పది యాభై ఆరు. పలకని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా జరిపింది, మళ్లీ వెనక్కి జరిపింది. తల ఎత్తకుండానే ఫోనుకి చెయ్యి చాపింది.

"చెడ్డది కాదు. గడ్డ ఒక్కటే తీయండి."

నేను స్టూలు మీద కూలబడి ఏడ్చేశాను. మా ఆవిడ గుమ్మం దగ్గర మంచినీళ్లు తాగుతూ, "తొందరగానే తెచ్చానా?" అని అడిగింది.

ఆ ఆదివారం ఆఫీసులో ఒకాయన సైకిలు అడిగి తెచ్చుకుని ఆవిడ వెనకాల బయల్దేరాను. అత్తగారి గట్టు ఎక్కేసరికి నా పని అయిపోయింది. మేనమామ మీద ఆగి నీళ్లు చూశాం. మలుపు దగ్గర పట్టా ఇంకా తీయలేదు. ఆవిడ ఎడమచేతి సందులోకి తిప్పి, కాలు కింద పెట్టింది. రెండు పక్కలా ఒకే ఎత్తు మేడలు, వరసగా మూసిన కిటికీలు.

"ఇది మీరు" అంది.

"నా పేరెందుకు పెట్టావు?"

"అదీ చెప్పాను. ఊఁ అన్నారు కూడా." నా సైకిలు బెల్లు చూపించింది. "పక్క సందులో బెల్లు కొడితే ఎవరో ఒకరు తొంగిచూస్తారు. ఇక్కడ ఎంత కొట్టినా ఎవరూ పలకరు. ల్యాబుకొచ్చేది ఇదేనని ఆ రోజు అలాగే పోల్చుకున్నా."

నేను మూడుసార్లు బెల్లు కొట్టి చూశాను. ఒక్క కిటికీ తెరుచుకోలేదు.