మా ఆవిడ పలికిన సగం పేరు

మాది భీమవరం దగ్గర పల్లె. నా భార్య సత్యవతికి మందులకు లొంగని ఫిట్స్. ఆపరేషన్‌కు ముందు మెదడులో మాట ఉండే చోటు కనిపెట్టడానికి, తలలో తీగలు అమర్చి, కొద్దిగా కరెంటు పెడుతూ మాట్లాడించారు.

"మీ ఆయన పేరేంటమ్మా?" అని డాక్టరుగారు అడిగారు. తను పలకలేదు.

"మా ఆవిడ నా పేరు చెప్పదండి, సిగ్గు," అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. పడవ బొమ్మ చూపించారు. అదీ చెప్పలేక కళ్లనీళ్లు పెట్టుకుంది. కరెంటు ఆపగానే "పడవండీ" అంది.

ఫిట్స్ పుట్టేదీ ఆ చోటేనట. కోస్తే మాట పోతుందని ఆపరేషన్ వద్దన్నారు.

తిరుగు బస్సులో "ఈ ఫిట్స్‌తో మాట ఎప్పుడు పోతుందో, ఉండగానే ఓసారి మీ పేరు అనేస్తానండీ" అని, పెళ్లయ్యాక మొదటిసారి "సూర్యనా..." అంది. పూర్తిచేసేలోపే ఫిట్స్ వచ్చేసింది.

మందులు పనిచేయవు, ఆపరేషన్ కుదరదు; ఆ ఫిట్స్‌కి ఇక చేయగలిగిందేమీ లేదు. ఆ సగం పేరు మాత్రం నా చెవిలో ఉండిపోయింది.