గడియకు దోపిన కానుగ రెమ్మ

మా అమ్మ మొన్న కంటి శిబిరానికి ఒక రోజు ఆలస్యంగా వెళ్ళింది. ఇంకోసారి అలా జరగకూడదు... అందుకే ఈరోజే ఇది రాస్తున్నాను. అడగాల్సింది చివర్లో అడుగుతాను. ముందు మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

మా చిన్నప్పుడు... గుడుపల్లె దగ్గరి మా పల్లెకు ప్రభుత్వం మాట ఏదైనా మునెప్ప తాత గొంతులోనే వచ్చేది. ఆయన మా ఊరి తలారి. పంచాయతీ ఆఫీసులో చదివి వినిపించింది దారంతా గొణుక్కుంటూ వచ్చి, పాల కేంద్రం ముందు నిలబడి పలక డప్పు కొట్టేవాడు. సెలవు రోజైతే పిల్లలమంతా ఆయన వెనకాలే...

"రేపు పొద్దన్నే పశువుల డాక్టరు వస్తాండాడు... గాలికుంటుకు టీకాలు ఏస్తారంట... ఆవులు, ఎనుములు ఉండేవాళ్ళు ఈడికి తోలుకోని రావాల..."

అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళలో ఎవరో ఒకరు అడ్డం తగిలేవారు.

"మా ఆయనకు గూడా ఒగటి ఏస్తారేమో అడుగప్పా. ఈ నడుమ శానా పొడస్తాండాడు."

"కొమ్ములుంటే తోలుకోని రామ్మా" అనేసి, తాను నవ్వకుండా ఇంకో వీధికి వెళ్ళిపోయేవాడు.

పగటిపూట సగం ఇళ్ళకు తాళాలే. అందరూ చేలల్లో ఉంటారు కదా... తాళం వేసిన ఇంటి ముందు కూడా తాత ఆగేవాడు. వీధి చివరి కానుగ చెట్టు నుంచి తుంచుకొచ్చిన రెమ్మ ఒకటి ఆ తలుపు గడియకు దోపి వెళ్ళేవాడు. ఊళ్ళోకి కబురు వచ్చింది, పక్కింట్లో అడిగి తెలుసుకో అని దాని అర్థం. ఆ రెమ్మ చేత్తో పట్టుకుని వెళ్ళి అడగాలి. పట్టుకొస్తే మాటలు లేనివాళ్ళయినా చెప్పి తీరాలి. అది మా ఊరి కట్టుబాటు.

మా ఇంట్లో అమ్మ, నేను... ఇద్దరమే. అమ్మ మల్బరీ తోటలో కూలికి వెళ్ళేది. తాళంచెవి ఆమె కొంగుకే ఉండేది. బడి నుంచి వచ్చి, ఆమె వచ్చేదాకా గడప మీద ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. గడియకు రెమ్మ కనిపించిన రోజు మాత్రం ఎందుకో ధైర్యంగా ఉండేది... మేము లేనప్పుడు ఎవరో వచ్చి, మమ్మల్ని తలుచుకుని వెళ్ళినట్టు.

పక్కింటి మాబున్నీ పిన్నికీ, అమ్మకూ ఒకసారి కుళాయి దగ్గర పెద్ద తగాదా అయింది. ఆ వారమే రెమ్మ వచ్చింది. అమ్మ దాన్ని పట్టుకుని వెళ్ళి పిన్ని గుమ్మం ముందు మాట్లాడకుండా నిలబడింది.

పిన్ని పిండి చేతులతోనే బయటకు వచ్చింది.

"రెమ్మ తెస్తివి గాబట్టి చెప్తాండా. రేపు పిల్లోళ్ళకు పోలియో చుక్కలంట. కుళాయి కాడ మాత్రం నాతో మాట్లాడొద్దు."

"నేను యాల మాట్లాడతా?" అంది అమ్మ.

మర్నాడు కుళాయి దగ్గర ఇద్దరూ కబుర్లలో పడి, బిందెలు పొంగిపోతున్నా చూసుకోలేదు...

మునెప్ప తాత పోయాక ఆ పలక ఎవరూ పట్టలేదు. మాబున్నీ పిన్ని పుంగనూరులో కూతురింటికి వెళ్ళిపోయింది. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే... చదువు నన్ను మదనపల్లె దాకా తెచ్చింది. ఇక్కడ ఒక ల్యాబులో పని, ఒక్క గది అద్దెకు. కరెంటు కోత, రేషను, టీకాలు... అన్నీ ఫోనులోకే వస్తాయి. అన్నీ చదువుతాను. ఎవరికీ చెప్పే పని లేదు. ఎదురు గదిలో ఉండే అమ్మాయికీ అవే వస్తాయి. ఆమె పేరేమిటో నాకింకా తెలియదు.

అమ్మకు ఒక కన్ను మసకేసింది. మల్బరీ ఆకు తడుముకుంటూ కోస్తోందట. కుప్పంలో కంటి శిబిరం ఉందని ఊరి గ్రూపులో బుధవారం ఒకావిడ గొంతుతో సందేశం వచ్చింది. "రేపు ఉదయం" అని. ఆ గ్రూపులో అమ్మా లేదు, నేనూ లేను... పిన్ని పేరు మాత్రం ఇంకా ఉంది. పాపం, ఆమె మరిచిపోకుండా దాన్ని అమ్మకు పంపింది... గురువారం సాయంత్రం. అమ్మకు చదువు రాదు. సందేశం ఎప్పటిదో ఆమెకు తెలిసే దారి లేదు. నేను నేర్పిన బాణం గుర్తు నొక్కి వింది. శుక్రవారం తొలి బస్సుకే వెళ్ళింది. ఆ రాత్రి ఫోను చేసి నాతో చెప్పింది.

"రేపని ఆ యమ్మ చెప్పిండాది కదా పాపా. నేను ఇనింది బేస్తవారం మాపున. పోతే, నిన్ననే అయిపాయ అంటాండారు."

మునెప్ప తాత చెప్పిన "రేపు" ఆ పూటతోనే చెల్లిపోయేది. ఫోనులోని "రేపు" మాత్రం ఎన్నాళ్ళయినా రేపుగానే ఉండిపోతుంది.

తిరుగు బస్సు మధ్యాహ్నం దాకా లేదు. అంతసేపూ అమ్మ శిబిరం జరిగిన చోట వరండాలో ఒక్కతే కూర్చుందట.

"మళ్ళీ శిబిరం ఎప్పుడని ఆడ ఎవుర్నైనా అడగాల్సింది కదమ్మా" అన్నాను.



"ఏమని అడిగేది పాపా... చేతిలో రెమ్మ గూడా లేకపాయ."

వీధి చివర ఆ కానుగ చెట్టు ఇంకా ఉంది. ఇప్పుడు అందరి చేతుల్లోకీ కబురు వస్తోంది... తాళం వేసిన ఇల్లు గుర్తుపెట్టుకునే మనిషే లేడు.

కుప్పం, గుడుపల్లె వైపు ఉన్నవాళ్ళెవరికైనా తర్వాతి కంటి శిబిరం ఎప్పుడో తెలిస్తే దయచేసి కింద రాయండి. "రేపు" అని కాదు... తేదీ, వారం రాయండి. మీ ఊళ్ళో తాళం వేసిన ఇంటికి కబురు ఎలా చేరేదో కూడా రాస్తే అమ్మకు చదివి వినిపిస్తాను. వచ్చే ఆదివారం ఊరికి వెళ్తున్నాను. శనివారం సాయంత్రం లోపల చెప్పండి... ఈసారి మా అమ్మకు కబురు నా నోటితోనే చెప్పాలి.