ముప్పై నాలుగో నంబరు స్లైడు

పోయిన మంగళవారం, మా టాకీసులో సినిమాలు వేసిన పెద్దాపరేటర్ చనిపోయాడు. ఆ రోజు ఎప్పటిలాగే పొద్దున తొమ్మిదింటికి వచ్చి, మూతపడిన టాకీసు మెట్ల మీద కూర్చున్నాడు. ఎదురు దుకాణంలో టీ తాగాడు. గేటుకున్న తాళాన్ని ఒకసారి లాగి చూశాడు. అది ఆయన రోజూ చేసే పనే. పదకొండింటికి మంచినీళ్లు అడిగాడు. తెచ్చేసరికి గోడకు ఆనుకుని ఉన్నాడు, పలకలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. అప్పటికే ప్రాణం పోయిందన్నారు.

నాకు ఫోను చేసి చెప్పింది చిన్నాపరేటర్. ఒకప్పుడు టాకీసులో రెండో మెషీను నడిపినవాడు. ఇప్పుడు బజారులో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. "సార్, పెద్దాపరేటర్ పోనారు. రేపు పొద్దున్నే తీసేస్తారంట," అన్నాడు. సరేనని ఫోను పెట్టేశాను. వెళ్లలేదు.

మన తెలుగు సంఘం పత్రికకు ఆయన గురించి రాయమన్నప్పుడు కూడా కుదరదనే చెప్పాను. ఆయనకూ నాకూ ఇరవై రెండేళ్లుగా మాటల్లేవని ఈ గనుల ఊరు కిరందుల్‌లో చాలామందికి తెలుసు. ఎందుకు లేవో కూడా తెలుసు. నేనే చెప్పాను, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ. ఇప్పుడు ఆయన మీద ప్రేమ పుట్టి రాయడం లేదు. నిన్న సాయంత్రం ఒక పుస్తకం నా చేతికొచ్చింది. అందుకని రాస్తున్నాను.

టాకీసును చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. రేకుల కప్పు, కింద చెక్క కుర్చీలు. ఇనుప ఖనిజం ధూళి పడి అన్నీ ఎర్రగా ఉండేవి. తెల్ల చొక్కాతో వెళ్తే వీపు మీద కుర్చీ గుర్తుతో ఇంటికి రావాల్సిందే. రీళ్ల పెట్టెలు విశాఖపట్నం నుంచి పాసింజరు బండిలో వచ్చేవి. సొరంగాల దగ్గర కొండరాళ్లు విరిగిపడి బండి ఆగితే, ఆ ఆదివారం పాత బొమ్మే. జనం తిట్టేది మాత్రం ఆపరేటర్లనే.

పెద్దాపరేటర్ బాసగూడ వైపు మనిషి. తెలుగు, హిందీ, గోండీ, హల్బీ, ఏది ఎదురైతే అది మాట్లాడేవాడు. సంత రోజున హిందీ బొమ్మ వేస్తే, అడవి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ముందుగా గేటు దగ్గర నిలబడి కథంతా గోండీలో చెప్పేసేవాడు. "ముందే చెప్పేస్తే ఇంకేం చూస్తారయ్యా?" అని నేను ఒకసారి అన్నాను. "కత తెలిస్తే మనుసుల్ని చూస్తరు సారూ. తెల్వకపోతే పక్కోణ్ని అడుక్కుంటనే సరిపాయె," అన్నాడు.

ఆయన మాట ఇంకొకటి గుర్తుంది. నేను ఎలక్ట్రికల్‌లో పనిచేసేవాణ్ని కాబట్టి అప్పుడప్పుడు క్యాబిన్‌లోకి రానిచ్చేవాడు. రీలు అయిపోవస్తుంటే తెర మీద కుడివైపు పైమూల చిన్న చుక్క పడగానే రెండో మెషీను అందుకోవాలి. చిన్నాపరేటర్ ఒకసారి ఆలస్యం చేశాడు. తెర తెల్లబడింది, కింద ఈలలు. పెద్దాపరేటర్ అతణ్ని కొట్టలేదు, తిట్టలేదు. "బొమ్మ ఆగితే జనం వెనక్కి తిరిగి మనల్ని చూస్తరు. మనం కనపడొద్దురా," అన్నాడు.

నా భార్యను ఆయన చెల్లె అనేవాడు. ఆమెకు ఎప్పుడూ ఆలస్యమే. చీర మార్చుకుని, ఇంటికి తాళం పెట్టి, మళ్లీ వెనక్కెళ్లి గ్యాసు కట్టేశానా లేదా చూసుకుని వచ్చేది. ఆమె కూర్చునేదాకా ఆయన సబ్బుల ప్రకటనలు వేస్తూనే ఉండేవాడు. జనం గోల చేస్తే క్యాబిన్ కన్నంలోంచి అరిచేవాడు: "ఆగుండ్రి! మా చెల్లె ఇంకా కూసోలే!" ఆమె సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. గారెలు చేసిన రోజు ఒక డబ్బా ఆయనకు పంపేది. ఖాళీ డబ్బాలో ఆయన ఇప్పపూలో, చింతచిగురో పెట్టి తిప్పి పంపేవాడు.

ఇక ఆ ఆదివారం సంగతి.

అప్పట్లో సెల్‌ఫోన్లు లేవు. గనిలో ఖనిజం మోసే బెల్టు ఆగితే మాలాంటివాళ్లు సెలవు రోజైనా వెళ్లాలి. అందుకని టాకీసు గేటు దగ్గర ఒక పుస్తకం పెట్టారు. లోపలికి వెళ్లేటప్పుడు పేరు, క్వార్టరు నంబరు రాసి వెళ్లాలి. ఎవరికైనా కబురొస్తే, ఆపరేటర్ పుస్తకం చూసి, మసి పట్టించిన గాజు పలక మీద పిన్నుతో ఆ నంబరు గీకి, తెర మీద వేసేవాడు. పేర్లు వేసేవాళ్లు కాదు. ఒకే పేరువాళ్లు టౌన్‌షిప్‌లో పదిమంది ఉండేవాళ్లం. నంబరు కనబడితే ఆ క్వార్టరువాడు లేచి బయటికి వెళ్లాలి. అంతే.

మేము పదకొండేళ్లు ముప్పై నాలుగులో ఉన్నాం. ఆ ఆదివారానికి తొమ్మిది రోజుల ముందు డెబ్బై ఒకటికి మారాం. ఆ రోజు నా భార్య తలనొప్పిగా ఉంది, రానంది. నేను ఒక్కణ్నే మ్యాట్నీకి వెళ్లాను. గేటు దగ్గర పెద్దాపరేటర్, "చెల్లె రాలే?" అన్నాడు. "తలనొప్పంట," అన్నాను. "అయితే మీరేంది వచ్చిన్రు?" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను.

సగం బొమ్మ అయ్యాక తెర మీద స్లైడు పడింది. ముప్పై నాలుగు. మేము ఖాళీ చేసిన క్వార్టరులోకి వచ్చినాయన మా వరసలోనే కూర్చున్నాడు. లేచాడు. ఆయన దాటిపోవడానికి నేను మోకాళ్లు పక్కకు తిప్పుకున్నాను. కాసేపటికి తిరిగొచ్చాడు. "గేటు దగ్గర ఎవరూ లేరు, మా ఇంట్లో అందరూ బాగానే ఉన్నారండీ. ఎవడో ఆటపట్టించాడు," అని విసుక్కుంటూ కూర్చున్నాడు. నేను మళ్లీ మోకాళ్లు తిప్పుకున్నాను. బొమ్మ పూర్తిగా చూశాను.

ఆ కబురు నాకు. తెచ్చినవాడు గేటులో నా పేరు చెప్పేసి జీపు కోసం పరుగెత్తాడట. నా భార్య వంటింట్లో పడిపోయింది. వెంటనే జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలన్నారు. జీపు నాకోసం కొంతసేపు ఆగింది, ఇక ఆగలేక వెళ్లిపోయింది. పక్కింటావిడ తోడు వెళ్లింది. నేను ఇంకో జీపు పట్టుకుని వెనకాల వెళ్లాను. దారిలో గీదం దాటాక వాళ్ల జీపు రోడ్డు పక్కన ఆగి ఉంది. ఆమె రెండుసార్లు నన్ను అడిగిందని పక్కింటావిడ చెప్పింది. అంతకంటే ఈ విషయం రాయను.

మూడో రోజు క్యాబిన్‌కి వెళ్లాను.

"ముప్పై నాలుగని నీకు ఎవడు చెప్పాడు?"

ఆయన చేతిలో గేటు పుస్తకం ఉంది. నన్ను చూసి మూసేసి చంకలో పెట్టుకున్నాడు.

"చెప్పవయ్యా. మేము మారామని తెలీదా నీకు? పాత నంబరు నోటికొచ్చింది, గీకి పారేశావు. అంతేగా?"

"తప్పయింది సారూ," అన్నాడు. తల వంచుకునే ఉన్నాడు. "చెల్లె..." అని ఇంకేదో అనబోయాడు.

"ఆ మాట నీ నోటివెంట రాకూడదు," అన్నాను. అదే నేను ఆయనతో ఆడిన చివరి మాట.

తర్వాత నేను చేసింది కూడా రాయాలి. బస్‌స్టాండు దగ్గర టీ కొట్టులో ఈ కథ చెప్పాను. ఒకసారి కాదు. షిఫ్టు బస్సు కోసం వచ్చే ప్రతివాడికీ చెప్పాను. "ఆయన పేరు ముప్పై నాలుగు అని పెట్టండి," అన్నది నేనే. అది ఊరంతా పట్టుకుంది. బొమ్మ మసకబారితే "ఏయ్ ముప్పై నాలుగూ!" అని ఈలలు వేసేవాళ్లు. టాకీసు మూతపడి, రీళ్లు పోయి, ఆయన ఉత్త తాళానికి కాపలా ఉన్నప్పుడు కూడా పిల్లలు మెట్ల ముందు సైకిళ్లు ఆపి అలాగే పిలిచేవాళ్లు. ఎదురుపడితే ఆయన నాకు నమస్కారం పెట్టేవాడు. నేను మొహం తిప్పుకునేవాణ్ని. పిండిమిల్లులో ఒకసారి లేచి నాకు బల్ల మీద చోటిచ్చాడు. నేను పిండి మర్నాడు తీసుకుంటానని వచ్చేశాను. నాకు ఆ కోపం అవసరం. అది లేకపోతే ఆ ఇంట్లో మిగిలేది నేనొక్కణ్నే.

నిన్న సాయంత్రం చిన్నాపరేటర్ మా ఇంటికొచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ప్లాస్టిక్ సంచిలోంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. గేటు పుస్తకం. మధ్యలో అగ్గిపుల్ల గుర్తుగా పెట్టి ఉంది.

"సూడండి సార్."

తెరిచాను. ఆ ఆదివారం తారీఖు. మూడో వరస. నా పేరు. పక్కన ముప్పై నాలుగు. రాత నాదే. నాలుగుకు కింద తోక పెట్టే అలవాటు నాకు ఇప్పటికీ ఉంది.

పదకొండేళ్లు రాసిన నంబరు చెయ్యి దానంతటదే రాసింది. ఆయన దాన్ని చూసి గీకాడు.

"ఇది ఇన్నాళ్లూ ఎందుకు చూపించలేదు?" అన్నాను.

"నానైతే ఆవేళే పట్టుకొచ్చి మీ మొకాన కొట్టేవోణ్ని సార్. ఆయనే వద్దన్నాడు. 'సారుకు పెండ్లాం పోయింది, ఇది కూడా సారే మొయ్యాల్నా? నాకేంది, నేను చీకట్లో ఉండేటోణ్ని' అన్నాడు."

"మరి ఇప్పుడెందుకు తెచ్చావు? ఇవ్వమన్నాడా?"

"లేదు. నాకే కోపమొచ్చింది. బుధవారం పాడె లేపినప్పుడు రోడ్డు మీద ఎవడో, 'ముప్పై నాలుగు పోనాడా?' అన్నాడు. నవ్వాడు సార్. పాడె మీదున్నోణ్ని చూసి నవ్వాడు. ఆ పేరెట్టింది మీరు కాదేటి?"

అతను టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

రాత్రంతా ఆలోచించి పశ్చాత్తాపంతో ఇది రాస్తున్నానని అనుకోకండి. నాకు ఇప్పటికీ ఆయన మీద కోపంగానే ఉంది. ఆ తప్పు నాది. దాన్ని నాకు ఇవ్వకుండా దాచే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? క్యాబిన్‌లో ఆ పుస్తకం చంకలోంచి తీసి ఉంటే, ఇరవై రెండేళ్లు నేను ద్వేషించాల్సిన మనిషి ఎవరో నాకు తెలిసేది. ఆయన మెట్ల మీద కూర్చుని నమస్కారాలు పెట్టుకుంటూ బతికాడు. ఆ నమస్కారాలన్నీ ఇప్పుడు నేనేం చేసుకోను? పుస్తకం అడగాలని నాకెందుకు తోచలేదో కూడా ఆలోచించాను. తోచలేదా, తోచనివ్వలేదా, తేలలేదు.

ఆయనకు నేను ఒక్కటే ఇవ్వగలను. ఆ పేరు వెనక్కి తీసుకోగలను.

రేపు పొద్దున మొదటి షిఫ్టు బస్సు రాకముందే టీ కొట్టుకి వెళ్తాను. అప్పటివాళ్లలో నలుగురైదుగురు ఇంకా అక్కడికే వస్తారు, మిగతావాళ్ల కొడుకులు వస్తారు. పుస్తకం బల్ల మీద పెట్టి, అగ్గిపుల్ల ఉన్న చోట తెరుస్తాను. కాగితం ఒకటి అడిగి, వాళ్ల ముందే ముప్పై నాలుగు అని రాసి, ఆ వరస పక్కన పెడతాను. రెండు నాలుగుల తోకలూ చూసుకోమంటాను. బస్సు హారను కొట్టినా అక్కడే నిలబడతాను. ఆ నంబరుతో పిలవాలనుకున్నవాళ్లు నన్ను పిలవచ్చు.