గోడ మీద బీడీ కట్ట

మా పెదనాయన కొడుకు నాకంటే పెద్దవాడు. చిన్నప్పుడు అన్నా అని పిలిచేవాణ్ణి. నా చీనీ చెట్లు ఎండిపోయినప్పటి నుంచి వాడు నాకు ఉత్త ‘వాడు’ అయ్యాడు. రాసేటప్పుడైనా కాస్త గౌరవం ఇద్దామని చూశాను, చెయ్యి ఒప్పుకోలేదు. కాబట్టి వాడు అనే రాస్తాను. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

నల్లమాడ దగ్గర పల్లె మాది. మా ఇద్దరి చేన్లు ఒకే గట్టుకు అటొకటి ఇటొకటి. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి నీళ్ళు చూసే మనిషిని పిలిపించి, టెంకాయ నిటారుగా లేచిన చోట నేను బోరు వేయించాను. నీళ్ళు పడ్డాయి. ఆ నీళ్ళను నమ్మి చీనీ మొక్కలు, అంటే బత్తాయి, నాటాను. వేరుశనగ, మా మాటలో చెనిక్కాయ, తప్ప ఇంకో పంట ఎరగని నేల మీద తోట లేచింది. చెట్లు తొలి కాపుకు వచ్చిన ఎండాకాలం ఒక పొద్దున తమిళోళ్ళ బోరు లారీ వచ్చి గట్టుకు అవతల ఆగింది. నా బోరు దగ్గర నిలబడి ఉమ్మితే అక్కడ పడుతుంది, అంత దగ్గర. వాడు నాకన్నా లోతుకు దింపించాడు. లేచిన దుమ్ము నా తోట మీదే పడింది. వారం తిరక్కుండా నా మోటారు నీళ్ళకు బదులు గాలి కక్కింది.

ట్యాంకర్లతో నీళ్ళు తోలాను. చెట్లకు ఎండుగడ్డి కప్పాను. ఏం చేసినా ఆకులు ముడుచుకుని కాయలు రాలిపోయాయి. చివరికి నేనే గొడ్డలి పట్టుకుని చెట్లు కొట్టి ఇంటికి తోలుకున్నాను. ఆ కట్టెల మీద నా భార్య సంగటి కెలికింది. చీనీ కట్టె సరిగా ఎండకపోతే పొగ ఎక్కువ పెడుతుంది. ఆ పొగలో ఇద్దరం ఏడ్చాం, పొగ వల్లనే అని ఇద్దరం అనుకున్నాం. పెద్దమనుషుల దగ్గరికి పోతే, “ఎవరి చేన్లో వాళ్ళు బోరు ఏసుకుంటే ఎవురేం జేస్తారప్పా” అన్నారు.

ఆ రోజుతో మాట మానేశాను. వాడి మోటారు కాలిపోవాలని మొక్కుకున్నాను. ఒకసారి కాలింది కూడా. గుడికి పోయి టెంకాయ కొట్టి, ఆ కొబ్బరి నేనే తిన్నాను. అంత తీయటి కొబ్బరి మళ్ళీ తినలేదు.

ఇంతలో నా కాలే పేచీ మొదలుపెట్టింది. నాలుగు అడుగులు వేస్తే పిక్క పట్టేసేది. నిలబడితే తగ్గేది, నడిస్తే మళ్ళీ వచ్చేది. బొటనవేలు నీలంగా తిరిగింది. టౌన్లో డాక్టరు వేలు నొక్కి చూసి, నా చొక్కా జేబులో ఉబ్బుగా ఉన్న బీడీ కట్ట చూసి, పెద్దగా ప్రశ్నలేమీ అడగలేదు. “కాళ్ళకు పొయ్యే నరాలు పొగకు మూసుకుపోతాండాయి. ఇంకొక బీడీ ముట్టుకున్నావంటే వేలుతో నిలబడదు, మోకాలు దాకా తీయాల్సొస్తాది. బీడీనో కాలో, ఒగటి ఉంచుకో” అన్నాడు.

బయటికి వస్తే బల్ల మీద వాడు కూర్చుని ఉన్నాడు. కుడికాలికి గుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డ ముందు భాగం ఉండాల్సినంత వెడల్పు లేదు. రెండు వేళ్ళు తీసేశారని తర్వాత తెలిసింది. నాకు అప్పుడు సంతోషం కలిగింది. నా కాలు సంగతి కూడా కాసేపు మరిచిపోయాను.

పొగ మాన్పించే గదిలో ఒక నర్సమ్మ ఇద్దరినీ ఒకేసారి పిలిచింది. ఊరు అడిగింది, ఇంటిపేరు అడిగింది, మొహం వెలిగిపోయింది. “అన్నదమ్ములే! ఇంకేం, ఒక్కరే మానాలంటే కష్టం. ఇద్దరూ ఒకరినొకరు కాచుకోండి. బీడీ మీదికి ప్రాణం లాగినప్పుడు ఇంకొకరిని పిలవండి. ఆ లాగుడు కాసేపే ఉంటుంది. ఆ కాసేపూ పక్కన మనిషి ఉంటే చాలు” అంది. ఆమెది కోస్తా పక్క. ఒకే ఇంటిపేరు, పక్కపక్క చేన్లు అంటే మా దిక్కున ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఇద్దరం బుద్ధిగా తల ఊపాం. వచ్చేటప్పుడు ఒకే బస్సులో వాడు ముందు, నేను చివర.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. వీడు బీడీ మానేసి, నేను మానలేక కాలు పోగొట్టుకుంటే? చంకలో కర్ర పెట్టుకుని వీడి కళ్ళ ముందు నడవాలా? అంతకన్నా చావడం మేలు. అందరూ పిల్లల కోసమో పెళ్ళాం కోసమో మానతారు. నేను వాడి మీద కసితో మానాను. వాడిదీ అదే కారణమని నాకు అప్పుడే తెలుసు. ఒకే తాత రక్తం, తెలియకుండా ఎక్కడికి పోతుంది?

మొదటి దినాలు నరకం. సగం కాల్చి ఆర్పిన బీడీని చెవి సందులో పెట్టుకోవడం నా అలవాటు. ఊరికే చెయ్యి చెవి మీదికి పోయేది, అక్కడ ఏమీ ఉండేది కాదు. సంగటి తిన్నాక నోరు పిచ్చెక్కేది. బస్సు కోసం కాచుకునే వేళ మరీ కష్టం. చారులో ఉప్పు తక్కువైందని భార్య మీద అరిచాను. ఎక్కువైందని కూడా అరిచాను. ఆమె ఊరుకుని ఊరుకుని, “ఆ అరిచేదేదో గోడ అవతలికి అరుచు, వాళ్ళకు గూడ కాలక్షేపం అయితాది” అంది.

తాత కట్టిన ఒకే ఇంటిని నడుమ గోడ పెట్టి పంచుకున్న వాళ్ళం మేము. పెరట్లో ఆ గోడ నడుము ఎత్తే. దాని పక్కనే నులక మంచం మీద వాడి అమ్మ, అంటే మా పెద్దమ్మ, పొద్దస్తమానం కూర్చుని ఉంటుంది. ఆమెకు చెవుడు. మాటలు లేని ఇళ్ళలో ఎవరో ఒకరి పేరు పెట్టి అవతలివాళ్ళకు మాట చేరవేయడం మామూలే. మాకు పెద్దమ్మ దొరికింది.

“పెద్దమ్మా, గడ్డివామి యెనకాల నీ కొడుకు ఏం జేస్తాండాడో కనుక్కో. పొగ వాసనొస్తాండాది!” అని నేను కేక వేసేవాణ్ణి.

“అమ్మా, అది నీళ్ళ పొయ్యి పొగ. ముక్కుంటే సరిగ్గా సూసుకోమని చెప్పు ఆయప్పకి!” అని వాడు.

పెద్దమ్మ ఇద్దరి మొహాలూ చూసి, “సంగటి తిన్న్యావా నాయనా?” అని అడిగేది. ఎవరిని అడిగిందో తెలిసేది కాదు. “తిన్న్యా” అని ఇద్దరం ఒకేసారి అనేవాళ్ళం, అని మొహాలు తిప్పుకునేవాళ్ళం.

వాడు కాల్చిన చింతగింజలు నమలడం మొదలుపెట్టాడు. గోడ అవతల నుంచి కటుక్కు కటుక్కుమని వినిపించేది. అంటే వాడికి లాగుడు వచ్చిందన్నమాట. ఓర్చుకుంటున్నాడన్నమాట. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండేది. నేనూ గింజలు వేయించుకుని, వాడికి వినిపించేలా గోడ దగ్గరే నిలబడి కొరికేవాణ్ణి. ఒక దవడ పన్ను కదిలింది కూడా.

ఒక పొద్దున పండ్లు తోముకుందామని పెరట్లోకి పోతే గోడ మీద బీడీ కట్ట ఉంది. కొత్తది, చుట్టిన కాగితం చిరగలేదు. నేను తాగే రకమే. నాకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నీళ్ళు గుంజుకున్నాడు, తోట పోయింది, ఇప్పుడు కాలు కూడా కావాలి వాడికి. పొయ్యిలో పారేయమంది నా భార్య. “పారేస్తే భయపడినాననుకుంటాడు” అని చెప్పి, కట్టను ముక్కు దగ్గరికి కూడా తేకుండా తీసుకుపోయి, వాడు మొహం కడుక్కునే బండ మీద పెట్టి వచ్చాను. లోపల కోపం సగం, బీడీ మీద ఆశ సగం.

మరుసటి పొద్దుటికి అది మళ్ళీ గోడ మీద ఉంది.

చెనిక్కాయ విత్తింది మొదలు, కలుపు తీశాక కూడా, ఆ కట్ట అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. చేతికి రాగానే ముందు కాగితం చిరిగిందేమో అని తిప్పి తిప్పి చూసేవాణ్ణి. చిరగలేదంటే నిరాశ, వెంటనే పంతం. తొలకరికి తడవకుండా వాడు దాని మీద పెంకు బోర్లించి పెట్టాడు. నేనూ అట్లే చేశాను. తడిసిన బీడీతో ఎవర్ని చెడగొట్టగలం? వాడు కూడా పొద్దున లేవగానే కాగితమే చూస్తున్నాడని కొళాయి దగ్గర వాడి భార్య నా భార్యకు చెప్పింది. ఆడవాళ్ళు ఎన్నడూ మాట మానలేదు. మా పగ వాళ్ళకు బిందె నిండేదాకా నవ్వుకునే ముచ్చట.

నా బొటనవేలి రంగు మెల్లగా తిరిగింది. డాక్టరు మెచ్చుకున్నాడు. “యెట్ల మానినావప్పా?” అని అడిగితే దేవుడి దయ అన్నాను. అంతకన్నా ఏం చెప్పను?

చెనిక్కాయ ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. మా సీమలో అది కొత్తేమీ కాదు. ఆకు వాడింది. అందరూ ఆకాశం చూస్తుంటే వాడు మాత్రం మోటారు వేసి నీళ్ళు కట్టుకున్నాడు. కొన్నాళ్ళకు వాడి బోరు కూడా దగ్గడం మొదలుపెట్టింది, కాసేపు నీళ్ళు, కాసేపు గాలి. నేను గట్టు మీద నిలబడి ఆ దగ్గు విన్నాను. అంతటి సంగీతం నేను వినలేదు.

ఆ వారంలోనే గోడ మీదికి కట్ట రావడం ఆగింది. ఒకరోజు చూశాను, రెండో రోజు చూశాను. చింతగింజల చప్పుడూ లేదు. కాగితం చించాడు, గెలిచాను అనుకున్నాను. ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ పెట్టించుకున్నాను. ఎందుకో అది కంచంలోనే వదిలేశాను. నీళ్ళు తాగి లేచాను.

మధ్యాహ్నం గట్టున కొట్టిపెట్టిన కంప కాల్చడానికి అగ్గిపెట్టె జేబులో వేసుకుని చేనికి పోయాను. గట్టుకు అవతల, స్టార్టరు డబ్బా కింద, వాడు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. పైపులో నుంచి వట్టి గాలి వస్తోంది. పక్కన చిరిగిన కాగితం. పెదాల మధ్య బీడీ, ముట్టించనిది. చొక్కా జేబులు, పంచె ముడి అన్నీ వెతుక్కుంటున్నాడు. ఇంట్లో, మోటారు దగ్గర ఒక్క అగ్గిపుల్ల కూడా లేకుండా వాడి భార్య ఏరి పారేసిందని అప్పటికే కొళాయి వార్త.

తల ఎత్తి నన్ను చూశాడు. పెద్దమ్మ లేదు, ఎవరూ లేరు. నేరుగా నాతోనే అన్నాడు.

“అగ్గిపెట్టె ఉండాదా?”

మా సీమలో ఎంత పగ ఉన్నా రెండు అడిగితే లేదనరు, దాహానికి నీళ్ళు, బీడీకి నిప్పు. కోర్టు వరండాల్లో ఎదురు పార్టీ వాళ్ళు కూడా ఒకరి బీడీతో ఒకరు ముట్టించుకునేవాళ్ళని మా నాయన చెప్పేవాడు. ఇచ్చాక మళ్ళీ కొట్టుకునేవాళ్ళు, అది వేరే సంగతి. నిప్పు లేదన్నవాణ్ణి మాత్రం మనిషిగా చూసేవాళ్ళు కాదు.

అగ్గిపెట్టె తీశాను. లోపల పుల్లలు కదిలిన చప్పుడుకు వాడి మొహం మారిపోయింది. ఒక్క పుల్ల చాలు. ఒక బీడీతో ఆగే మనిషి కాదు వాడు. ఆ కట్ట అయిపోయి ఇంకో కట్ట వస్తుంది, కాలు పోతుంది. నన్ను తప్పు పట్టేవాడు ఊర్లో ఒక్కడు కూడా ఉండడు. ఇంత సులువుగా పగ తీర్చుకునే వీలు ఎవరికీ దొరకదు.

“నీ బోరు ఎండబెట్టల్లనే ఏసినా” అన్నాడు వాడు. “తెలిసే ఏసినా. నీ తోట సూసి ఓర్సలేకపోయినా. ఇప్పుడు నాది గూడ పాయ. ఇంగ ఏముండాది నాకు? కాలు పోతే పోనీ. నిప్పియ్యప్పా.”

ఆ మాట వినాలని ఎన్నేళ్ళుగానో కాచుకున్నాను. వింటే చల్లబడతాననుకున్నాను. చల్లబడలేదు, ఇంకా మండింది. జాలి వేసిందని రాస్తే అబద్ధం. నా చెట్లు పోయినప్పుడు నాకు ఎక్కడికీ పోవడానికి వీల్లేకపోయింది, నేను బతికి ఆ చేను రోజూ చూశాను. వీడు మాత్రం రెండు దమ్ములు లాగి సుఖంగా తప్పించుకుపోతాడా? అదీ నా చేతి నిప్పుతో?

అగ్గిపెట్టె మళ్ళీ జేబులో వేసుకున్నాను.

“నువ్వు నాకు నీళ్ళు లేకుండా జేసినావు. నేను నీకు నిప్పు లేకుండా జేస్తా.”

వాడు లేచి నా మీదికి వచ్చాడు. వేళ్ళు లేని కాలు గట్టు ఎక్కనివ్వలేదు, జారి మట్టిలో కూర్చుండిపోయాడు. నన్ను తిట్టాడు. నా తల్లిని తిట్టాడు, ఆమె వాడికి చిన్నమ్మ. నేను వాడి తల్లిని తిట్టాను. ఇద్దరికీ ఆయాసం వచ్చింది. జేబులో ఉన్న చింతగింజలు గుప్పెడు తీసి వాడి ఒళ్ళోకి విసిరాను. “కొరుకు” అన్నాను. వాడు నోట్లోని బీడీ ఉమ్మేసి, ఒకటి కొరికాడు. నేను గట్టు దిగి వాడికి ఎదురుగా కూర్చున్నాను, పారిపోయి ఇంకెవరినైనా నిప్పు అడగకుండా. వాడికి ఆ లాగుడు పోయేదాకా కూర్చున్నాను. గింజలు అయిపోయాక వాడు మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నేను మొహం తిప్పుకోలేదు, తిప్పుకోవాలని అనిపించలేదు.

ఎండ తగ్గాక లేచి దుమ్ము దులుపుకున్నాను. వాడు తల ఎత్తకుండానే అడిగాడు.

“రేపు గూడ వస్తావా?”

“వస్తా” అన్నాను. “నువ్వు బతికినన్ని దినాలూ వస్తా.”